మతం సినిమా మీద వార్త: కుర్చీలోంచి లేవకుండా రాయడానికి 12 చిట్కాలు

ఏడాదికి ఒకటో రెండో సినిమాలు దేవుడి చుట్టూనో, ప్రవక్త చుట్టూనో, పురాణం చుట్టూనో తిరుగుతూ వస్తాయి. వెంట గొడవనూ తెస్తాయి. విలేకరికి ఇంతకు మించిన పండగ లేదు. వరదలొస్తే బురదలో దిగాలి. ఎన్నికలొస్తే ఊళ్లు తిరగాలి. బడ్జెట్ వస్తే అంకెలు చదవాలి. మతం సినిమా వచ్చిందంటే మాత్రం ఫ్యాన్ కింద కూర్చుని పది రోజులు మొదటి పేజీ నింపొచ్చు.

ఇంత సుఖమైన పనిని కొత్తగా చేరిన పిల్లలు చేజేతులా పాడు చేసుకుంటున్నారు. టికెట్ కొని సినిమా చూస్తున్నారు. సెన్సార్ సర్టిఫికెట్ ఏదని అడుగుతున్నారు. రెండు వైపులా ఫోన్లు చేస్తున్నారు. ఇంతా చేసి మూడు పేరాల నిజం రాసి, లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌తో సరిపెట్టుకుంటున్నారు. ఈ వృత్తి మీద ప్రేమ ఉన్నవాణ్ణి కాబట్టి చూస్తూ ఊరుకోలేక ఈ చిట్కాలు రాస్తున్నాను. డెస్క్‌లో ఉన్నా, ఫీల్డ్‌లో ఉన్నా, టీవీలో ఉన్నా పనికొస్తాయి.

పాఠానికి ఒక మంచి కేసు తీసుకుందాం. 2006లో వచ్చిన 'ది డావిన్సీ కోడ్'. డాన్ బ్రౌన్ 2003 నాటి నవల, రాన్ హోవార్డ్ దర్శకుడు, టామ్ హాంక్స్ హీరో. ఏసుక్రీస్తుకు మగ్దలేనే మరియతో పెళ్లయిందని, వాళ్ల వంశం ఇప్పటికీ ఉందని, చర్చి ఆ సంగతి దాచిపెట్టిందని కథ. మన సెన్సార్ బోర్డు 'ఏ' సర్టిఫికెట్ ఇచ్చింది, ఇదంతా కల్పితమని సినిమాలోనే వేయించింది. అప్పటి కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి ప్రియరంజన్ దాస్‌మున్షీ కేథలిక్ ప్రతినిధులతో కలిసి కూర్చుని మరీ చూశారు. అయినా నాగాలాండ్, పంజాబ్, గోవా, తమిళనాడు, మన ఆంధ్రప్రదేశ్ సినిమాను ఆపేశాయి. ఇలాంటి అదృష్టం మీ చేతికొస్తే ఎలా వాడుకోవాలో వరసగా చెప్తాను.

1. సినిమా చూడకండి

తక్కిన పదకొండూ దీని మీదే నిలబడతాయి. చూస్తే రెండున్నర గంటలు పోతాయి. అది చిన్న నష్టం. అసలు నష్టమేమిటంటే, చూసినవాడికి అనుమానాలు మొదలవుతాయి. "గొడవ చేస్తున్న సీను ఇందులో లేదే" అనిపిస్తుంది. "ఆ మాట అన్నది విలన్ కదా" అనిపిస్తుంది. చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో బ్యానర్ హెడ్డింగ్ రాయలేరు.

చూడకపోవడం తప్పని ఎవరైనా అంటే పెద్దలను చూపించండి. 2006 జూన్‌లో మన రాష్ట్రంలో 'డావిన్సీ కోడ్' ప్రదర్శన ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చిన అధికారి ఆ సినిమా చూడలేదు. సంఘాలు ఇచ్చిన వినతిపత్రాలే ఆధారం. సర్కారే చూడకుండా సంతకం పెట్టినప్పుడు, మనం చూడకుండా వార్త రాస్తే తప్పేముంది?

ఇంకో ఉదాహరణ. 1979లో 'లైఫ్ ఆఫ్ బ్రయన్' మీద బీబీసీ చర్చ పెట్టింది. సినిమాను చెడామడా తిట్టిన ఇద్దరు పెద్దలు, బిషప్ మెర్విన్ స్టాక్‌వుడ్, రచయిత మాల్కం మగరిడ్జ్, మొదటి పావుగంట అయిపోయాక హాల్లోకి వెళ్లారు. బ్రయన్ వేరు, ఏసు వేరు అని సినిమా చెప్పేది ఆ పావుగంటలోనే. అయినా ఆ చర్చను జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. పావుగంట మానేస్తేనే అంత పేరొచ్చింది. మీరు మొత్తం మానేయండి.

2. మీరు ఎటు వైపో పొద్దుటి మీటింగ్‌లోనే తేల్చుకోండి

సినిమా మంచిదా చెడ్డదా అని ఆలోచిస్తూ కూర్చుంటే ఎడిషన్ టైం అయిపోతుంది. మూడు ప్రశ్నలు వేసుకోండి చాలు. యాజమాన్యానికి ఏ పార్టీ దగ్గర? నిర్మాత ఫుల్‌పేజీ ప్రకటన ఇచ్చాడా? మన పేపర్ ఎక్కువగా కొనేది ఎవరు? ఈ మూడింటి జవాబే మీ అభిప్రాయం.

ప్రకటన వచ్చిందా, "భక్తి ఉప్పొంగే దృశ్యకావ్యం" అని రాయండి. రాలేదా, "మనోభావాలకు గాయం" అని రాయండి. శనివారం రాని ప్రకటన ఆదివారం వస్తే సోమవారం నుంచి స్వరం మార్చుకోండి. నిన్నటి పేపర్ ఇవాళ మిరపకాయ బజ్జీల పొట్లం అయిపోతుంది, ఎవరూ రెండూ పక్కపక్కన పెట్టి చూడరు. పక్షం తేలాక దానికి 'ప్రజాభిప్రాయం' అని పేరు పెట్టండి. మీ అభిప్రాయం అంటే సంతకం పెట్టాల్సి వస్తుంది. ప్రజలదంటే ఆ బాధ లేదు.

3. పుకారుతో మొదలుపెట్టండి

నిజం దొరకాలంటే విడుదల దాకా ఆగాలి. పుకారు షూటింగ్ మొదలైన రోజు నుంచే దొరుకుతుంది. 'పద్మావతి'నే చూడండి. అందులో రాణికీ ఖిల్జీకీ మధ్య కలలో ప్రేమ సన్నివేశం ఉందని ప్రచారం. 2017 జనవరిలో జైపూర్‌లో సెట్ మీద దాడి జరిగింది. అలాంటి సీను లేదని దర్శకుడు భన్సాలీ వీడియో పెట్టి మరీ చెప్పాడు. ఆయన మాట విని మనవాళ్లు ఆపి ఉంటే ఏడాది పాటు వార్తలు ఎక్కడినుంచి వచ్చేవి? పేరు 'పద్మావత్' అని మార్చుకుని 2018 జనవరిలో సినిమా వచ్చింది. ఆ సీను అందులో లేదు. విడుదలకు ముందురోజు గురుగ్రామ్‌లో బడిపిల్లల బస్సు మీద రాళ్లు పడ్డాయి. ఆ ఫిబ్రవరిలోనే నిరసనకారుల్లో ఒక వర్గం సినిమా చూసి, అభ్యంతరం లేదని వెనక్కి తగ్గింది. మొదటి చిట్కా ఎందుకు చెప్పానో తెలిసిందా? చూస్తే నిరసనకారులు కూడా చల్లారిపోతారు.

పాతకాలంలోనూ ఇంతే. ముస్తఫా అక్కాద్ 1976లో 'ది మెసేజ్' తీశాడు. అందులో ప్రవక్త కనిపించరు, ఆయన గొంతూ వినిపించదు. ఆంథోనీ క్విన్ వేసింది ప్రవక్త చిన్నాన్న హంజా పాత్ర. కానీ క్విన్ ప్రవక్త వేషం కట్టాడన్న పుకారు లోకం చుట్టేసింది. 1977 మార్చిలో వాషింగ్టన్‌లో సాయుధులు మూడు భవనాల్లో జనాన్ని బందీలుగా పట్టుకున్నారు. ఆ సినిమా ఆపేయాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. ఒక కుర్ర రేడియో విలేకరి ప్రాణం పోయింది. లోపలున్న నాయకుడికే ఫోన్ కలిపి మాట్లాడిన విలేకరులూ ఉన్నారు. పుకారుకు ఎంత బలం ఉందో గ్రహించండి. పోయిన ప్రాణం లెక్క మన డెస్క్‌కు రాదు.

రాసే పద్ధతి తేలిక. వాక్యం చివర "అని ప్రచారం జరుగుతోంది" అని తగిలించండి. ఆ ప్రచారం చేస్తున్నది మీరే అయినా వాక్యం నిజమే అవుతుంది. హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం పెట్టండి. "దేవుణ్ణి అవమానించారా?" అని అడిగితే, అవమానించారని మీరు అన్నట్టు కాదు.

4. ఫోన్‌లో నాలుగు నంబర్లు చాలు

ప్రతి మతంలోనూ కోపం ఎప్పుడూ సిద్ధంగా ఉండే నాయకులు దొరుకుతారు. ఒక మతానికి ఒక నంబర్ చొప్పున దాచుకోండి. అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తుతారు, మీరు అడక్కముందే మండిపడతారు. సంఘంలో ఎంతమంది సభ్యులు, ఎన్నికలు ఎప్పుడు జరిగాయి అని అడక్కండి. అడిగితే నొచ్చుకుంటారు, తర్వాతి సినిమాకు ఫోన్ ఎత్తరు.

ఆ ఒక్కరి మాటను మతం మొత్తానికి పూయండి. "క్రైస్తవుల ఆగ్రహం", "హిందువుల కన్నెర్ర", "ముస్లింల హెచ్చరిక". గుంటూరు పాస్టర్ ఎవరైనా "సినిమాతో కదిలిపోయే విశ్వాసం కాదు మాది, ఆదివారం ఆరాధనకు రండి" అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. ఆ మాటలో మంట లేదు. అలాంటివాళ్లు వేలమంది ఉండొచ్చు. వాళ్లు ప్రెస్‌మీట్ పెట్టరు కాబట్టి లెక్కలోకి రారు.

5. నలుగురిని జనసంద్రం చేయండి

థియేటర్ ముందు నిరసన అని కబురొస్తుంది. వెళ్లి చూస్తే నలుగురు ఉంటారు, అందులో ఒకతను టీ కోసం ఆగినవాడు. నిరాశపడకండి. ఫ్లెక్సీని ఛాతీ ఎత్తుకు పట్టుకోమనండి. కెమెరామన్‌ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఫ్రేమ్ బిగించమనండి. పక్కన మార్నింగ్ షో టికెట్ల క్యూ ఉంటే ఇంకా మంచిది, వాళ్ల తలలు వెనకాల పడేలా తీయించండి. సినిమా చూడ్డానికి వచ్చినవాళ్లే సినిమా వద్దన్న జనంగా మారిపోతారు. దిష్టిబొమ్మ మీ కెమెరా ఆన్ అయ్యాకే అంటించమని చెప్పండి. మొదటిసారి సరిగ్గా మండకపోతే రెండోసారి అంటించమనండి. వాళ్లూ అందుకే వచ్చారు.

సంఖ్య రాయొద్దు. "పెద్దఎత్తున", "భారీగా", "వివిధ వర్గాలవారు" అనే మాటలు ఉన్నది ఇందుకే. టీవీ అయితే అదే పన్నెండు సెకన్ల మంటను రోజంతా తిప్పండి. సాయంత్రానికి రాష్ట్రమంతా తగలబడుతోందని జనం నమ్ముతారు. మర్నాడు నిజంగానే నాలుగు చోట్ల మొదలవుతుంది. అప్పుడు మీ నిన్నటి వార్త కూడా నిజమైపోతుంది.

6. మాటలకు రెండు డబ్బాలు పెట్టుకోండి

ఒక డబ్బా మనవాళ్లకు, రెండోది అవతలివాళ్లకు. పని ఒకటే అయినా మాట మారాలి. మనవాళ్లు రోడ్డు మీద కూర్చుంటే 'శాంతియుత నిరసన', వాళ్లు కూర్చుంటే 'ట్రాఫిక్‌కు నరకం'. మనవాళ్లు అద్దాలు పగలగొడితే 'కట్టలు తెగిన ఆవేదన', వాళ్లు పగలగొడితే 'అల్లరిమూకల బీభత్సం'. మన మతం మీద సినిమా తీస్తే 'కుట్ర', వాళ్ల మతం మీద తీస్తే 'భావ ప్రకటన స్వేచ్ఛ'. మన స్వామీజీ 'ఆవేదన వ్యక్తం చేశారు', వాళ్ల మతపెద్ద 'రెచ్చగొట్టారు'.

రెండు డబ్బాలు ఏ పత్రికలోనైనా ఉంటాయి. భక్తి ఎక్కువున్న పత్రికకు ఒక రకం డబ్బాలు, నాస్తికత్వం వైపు మొగ్గే పత్రికకు ఇంకో రకం. రెండోరకం వాళ్లు విశ్వాసులందరినీ 'మతోన్మాదులు' అనే ఒక్క మాటలో సర్దేయాలి. జపమాల తిప్పుకునే ముసలమ్మనూ, రాయి విసిరేవాణ్ణీ విడదీసి చూపించబోయారంటే ఇంకో పేరా రాయాల్సి వస్తుంది. అంత ఓపిక మనకెందుకు?

7. ఫిర్యాదును కేసు చేయండి, కేసును నేరం చేయండి

ఎవరో ఒకరు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి కాగితం ఇస్తారు. దాన్ని ఫిర్యాదు అంటారు. ఎఫ్ఐఆర్ కడితేనే కేసు. కోర్టు తేల్చితేనే నేరం. ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు. కాగితం ఇచ్చిన గంటలో "దర్శకుడిపై కేసు" అని స్క్రోలింగ్ వేయండి, సాయంత్రానికి "అరెస్ట్ తప్పదా?" అనండి.

పాత ఐపీసీలో 295ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 299. మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో కించపరిస్తేనే ఆ సెక్షన్ వర్తిస్తుంది. ఆ రెండు మాటలూ వార్తలో రాకుండా చూసుకోండి. సెక్షన్ నంబర్ మాత్రం లావు అక్షరాల్లో వేయండి. అంకె చూస్తే పాఠకుడు జడుసుకుంటాడు, షరతు చదివితే ఆలోచిస్తాడు.

8. కథ వదిలేసి పుట్టుపూర్వోత్తరాలు తవ్వండి

సినిమాలో ఏముందో మీకు తెలియదు కాబట్టి తీసినవాళ్ల మీద పడండి. దర్శకుడిది ఏ మతం? హీరోయిన్ ఎప్పుడైనా ఏ గుడికైనా చెప్పులతో వెళ్లిందా? సంగీత దర్శకుడు ఎనిమిదేళ్ల కిందట ఏం పోస్టు పెట్టాడు? ఇవన్నీ 'నేపథ్యం' అని బాక్స్ కట్టండి. మతం పేరు నేరుగా రాయడానికి మొహమాటమైతే పూర్తి పేరు రాయండి, ఇంటిపేరుతో సహా. మిగతా పని పాఠకుడే చేసుకుంటాడు.

పాటలోంచి ఒక్క స్టిల్ తీసుకుని ఎర్ర గుండ్రం చుట్టి బాణం గుర్తు పెట్టండి. బాణం ఎటు చూపిస్తోందో ఎవరికీ అర్థం కాకపోయినా పర్లేదు. బాణం ఉందంటే తప్పు ఉన్నట్టే అనుకుంటారు.

9. తెలిసినవాణ్ణి స్టూడియోలోకి రానీయకండి

ఇది చాలా ముఖ్యం, ఇక్కడే అనుభవజ్ఞులు కూడా జారిపోతారు. 'డావిన్సీ కోడ్' రోజుల్లో ఒక చరిత్ర అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడనిస్తే ఏం జరిగేదో చూడండి.

క్రీ.శ. 325లో నైసియా సభ ఓటు వేసి ఏసును దేవుణ్ణి చేసిందని కథలో అంటారు. అధ్యాపకుడు ఏం చెప్పేవాడు? ఏసును దైవంగా కొలవడం అంతకు ముందునుంచే ఉందని, ఆ సభలో గొడవ ఏరియస్ బోధన మీద అని, కుమారుడు తండ్రితో సమానుడా, తండ్రి సృష్టించినవాడా అన్నదే అక్కడి ప్రశ్న అని చెప్పేవాడు. 'ప్రయరీ ఆఫ్ సయాన్' అనే రహస్య సంఘం 1099లో పుట్టిందని నవల అంటుంది. అది 1956లో ఫ్రాన్స్‌లో పియర్ ప్లాంటార్ అనే ఆయన, మరికొందరు కలిసి రిజిస్టర్ చేయించుకున్న సంఘమని చెప్పేవాడు. ఏసు మరియను ముద్దు పెట్టుకున్నాడని ఫిలిప్పు సువార్తలో ఉందంటారు కదా. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర దొరికిన ప్రతుల్లో ఉంది ఆ పుస్తకం. సరిగ్గా ఎక్కడ ముద్దు పెట్టుకున్నాడో చెప్పే మాట దగ్గరే ఆ ప్రతి చిరిగి ఉంది. మిగతాది చదివేవాళ్ల ఊహ.

ఎంత ప్రమాదమో చూశారా? ఈ నాలుగు ముక్కలు విన్న విశ్వాసి, "ఓస్, ఇది కట్టుకథే కదా" అని నెమ్మదిస్తాడు. సినిమా చూడాలనుకున్నవాడు, "కథగా చూద్దాం" అనుకుంటాడు. ఇద్దరూ కలిసి టీ తాగుతారు. గొడవ అక్కడితో సరి. శాంతించిన మనిషి మర్నాడు పేపర్ కోసం ఎదురుచూడడు.

అందుకని డిబేట్‌లో ఆరు కిటికీలు పెట్టి, ఆరుగురినీ ఒకేసారి మాట్లాడించండి. మొహమాటానికి అధ్యాపకుణ్ణి పిలవాల్సి వస్తే చివరి నలభై సెకన్లు ఇవ్వండి. ఆయన "అసలు నాలుగో శతాబ్దంలో" అనగానే బ్రేక్ తీసుకోండి. సెన్సార్ సర్టిఫికెట్, 'ఇది కల్పితం' అన్న ప్రకటన లాంటి కాగితాలు ఎవరైనా తెరమీద చూపించబోతే ఆ కిటికీని చిన్నది చేయండి.

10. ఏజెన్సీ కాపీని తెలుగులోకి దించి, ఊరి పేరు తగిలించండి

2023 జూన్ 16న 'ఆదిపురుష్' విడుదలైంది. హిందీలో, తెలుగులో రెండింట్లోనూ తీశారు. ఉత్తరాదిలో గొడవ లేచింది హిందీ డైలాగుల మీద. హనుమంతుడి నోట వీధి మాటలు పెట్టారని. ఇలాంటప్పుడు తెలుగు ప్రింట్‌లో హనుమంతుడు ఏమన్నాడో వినడానికి హాలుకు వెళ్లొద్దు. ఢిల్లీ కాపీ ఉన్నదున్నట్టు దించేసి, కింద "విజయవాడ" అని డేట్‌లైన్ పెట్టండి. విజయవాడలో ఎవరూ ఏమీ అనకపోయినా, వార్త చదివాక ఒకరిద్దరు అంటారు. వాళ్లతో రెండో రోజు వార్త.

ఖాట్మండు మేయర్ హిందీ సినిమాల ప్రదర్శననే ఆపించారు. సీత భారతదేశపు కూతురన్న మాట సినిమాలో ఉందని అభ్యంతరం. జనకుడి ఊరని నమ్మే జనక్‌పూర్ నేపాల్‌లో ఉంది కాబట్టి వాళ్లకా మాట గుచ్చుకుంది. ఈ కారణం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు, అందుకే చెప్పకండి. "నేపాల్ భగ్గు" అని వదిలేస్తే సరిపోతుంది. డైలాగులు మార్చిన ప్రింట్లు కొద్ది రోజుల్లోనే వచ్చాయి. ఆ వార్త మీ చేతికొస్తే క్లాసిఫైడ్స్ పక్కన వేయండి. సర్దుబాటు జరిగిందంటే సీరియల్ ముగిసినట్టే. మనం ముగించకూడదు.

11. నిషేధం మొదటి పేజీలో, తీర్పు తొమ్మిదో పేజీలో

నిషేధం అన్న మాట వినగానే ఎనిమిది కాలమ్‌లు ఇచ్చేయండి. 'డావిన్సీ కోడ్'కు 2006 జూన్ మొదట్లో మన రాష్ట్రంలో సరిగ్గా ఆ యోగమే పట్టింది. 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం కింద ఉత్తర్వు వచ్చింది. అది అక్కడితో ఆగిపోతే బాగుండేది. పంపిణీదారులు హైకోర్టుకు వెళ్లారు. జస్టిస్ గోడా రఘురాం ఆ నెలలోనే ఉత్తర్వును కొట్టేశారు. సెన్సార్ బోర్డు చూసి అనుమతించిన సినిమాను, తాము చూడకుండా, ఎవరో నొచ్చుకుంటారన్న మాట మీద ఆపడం కుదరదన్నది తీర్పు సారం. తర్వాతి నెల మద్రాస్ హైకోర్టు తమిళనాడు నిషేధాన్నీ ఎత్తేసింది. సినిమాను ఆపించాలని వెళ్లిన సంఘానికి సుప్రీంకోర్టులోనూ చుక్కెదురైంది.

ఇలాంటి తీర్పులు పాఠకుడికి చట్టం నేర్పుతాయి. వచ్చే సినిమాకు అధికారి పెన్ను తీసేముందు ఒకసారి ఆలోచిస్తాడు. మీకు నిషేధం వార్త దొరక్కుండా పోతుంది. కాబట్టి తీర్పు వార్తను తొమ్మిదో పేజీ అడుగున, సంతాప ప్రకటనల పైన పెట్టండి. హెడ్డింగ్‌లో సినిమా పేరు రానివ్వకండి. "పిటిషన్‌పై ఉత్తర్వులు" అని పెడితే ఎవరి కంటా పడదు. జడ్జి రాసిన కారణాలు చదవొద్దు. తీర్పు చాలా పేజీలుంటుంది, ఏసీ గదిలో నిద్రొస్తుంది.

12. సవరణ వేయకండి, సంపాదకీయం రాయండి

రాసింది తప్పని తేలుతుంది. ఆ సీను లేదంటారు, ఆ నటుడు ఆ పాత్ర వేయలేదంటారు, ఆ ఫొటో వేరే ఊరిదంటారు. తొణకొద్దు. మరీ పట్టుబడితే చిన్న అక్షరాల్లో రెండు లైన్లు వేయండి. ఏది తప్పో చెప్పకుండా "ఫలానా తేదీన ప్రచురితమైన వార్తలో దొర్లిన పొరపాటుకు చింతిస్తున్నాం" అంటే చాలు. ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్తామని బెదిరిస్తే దారి చూపించండి. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు, జైల్లో పెట్టలేదు.

పదో రోజు సంపాదకీయం రాయండి. "సమాజంలో సహనం ఎందుకు కరువవుతోంది?" అని బాధగా అడగండి. సోషల్ మీడియాను తిట్టండి. పుకార్లు నమ్మొద్దని హితవు చెప్పండి. ఆ పుకారు మొదట వేసింది మీరేనన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

చేతికింద ఉంచుకోవాల్సిన సాకులు

ఎవరైనా నిలదీస్తే వెతుక్కోకుండా ఇవి కాగితం మీద రాసి కీబోర్డు పక్కన అంటించుకోండి.

సినిమా చూశారా అంటే: "మా సినిమా రిపోర్టర్ చూశాడు." ఆ రిపోర్టర్‌ను అడిగితే ఇది పొలిటికల్ బీట్ అంటాడు.

అవతలి పక్షం మాట ఏదంటే: "ఫోన్ చేశాం, అందుబాటులోకి రాలేదు." ఒక్కసారి మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టుకుంటే ఇది అబద్ధం కూడా కాదు.

రెచ్చగొట్టారంటే: "జరిగింది చూపించాం." దిష్టిబొమ్మ రెండోసారి ఎవరి కోసం అంటించారో ఎవరూ అడగరు.

ఒక మతానికే కొమ్ము కాశారంటే: "రెండు వర్గాలూ మమ్మల్ని తిడుతున్నాయి, అంటే మేం నిష్పక్షపాతంగా ఉన్నట్టే." ఇది సాకుల్లోకెల్లా రాజు. రెండు వైపులా తప్పు రాసినా పనిచేస్తుంది.

ఇవేవీ పారకపోతే డెస్క్ విలేకరి మీద, విలేకరి స్ట్రింగర్ మీద, స్ట్రింగర్ 'విశ్వసనీయ వర్గాల' మీద పెట్టండి. ఆ వర్గాలకు ఫోన్ నంబర్ ఉండదు.

పది రోజులు ఇలా నడిపితే వచ్చే ఫలితాలు

థియేటర్ యజమాని అద్దాలు పగిలి, షట్టర్ దించుకుంటాడు. అది మీకు 'ఇంపాక్ట్' ఫొటో. నిర్మాతకు పైసా ఖర్చు లేకుండా ప్రచారం దొరుకుతుంది, వచ్చే సినిమాకు తానే గొడవ తెచ్చి మీ చేతికిస్తాడు. సంఘం నాయకుడికి పేరొస్తుంది, ఎన్నికల్లో టికెట్ అడుగుతాడు. ఒకే వీధిలో గుడి మైకుకూ, చర్చి గంటకూ, మసీదు అజాన్‌కూ అలవాటుపడి ఉన్నవాళ్లు ఒకరి గుమ్మం ముందు ఒకరు మౌనంగా నడవడం మొదలుపెడతారు. అక్కణ్ణుంచి మీకు ఏడాది పొడవునా వార్తలే.

పాఠకుడు మెల్లగా మీ పేపర్‌లో ఏదీ నమ్మడం మానేస్తాడు. వరద హెచ్చరిక వేసినా నమ్మడు, మందుల కల్తీ బయటపెట్టినా నమ్మడు. కంగారు పడకండి. నమ్మని పాఠకుడు నిలదీయడు, ఉత్తరం రాయడు, సవరణ అడగడు. డెస్క్‌కు అంతకు మించిన హాయి లేదు.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లకు నా విన్నపం ఒకటే. వచ్చే మతం సినిమా టీజర్ ఏ నిమిషాన్నయినా రావొచ్చు. ఆ నాలుగు నంబర్లూ పనిచేస్తున్నాయో లేదో ఈ రాత్రే సరిచూసుకోండి. హెడ్డింగ్ ఇప్పుడే రాసిపెట్టుకోండి, సినిమా పేరు తర్వాత నింపుకోవచ్చు.